కర్రకీ ఆకలేస్తుంది

సినిమా హాలు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మన ఒంటి చుట్టూ ఊపే నల్లకర్ర, అదే మెటల్ డిటెక్టర్ ఉందే, దాని మీద నాకో కన్నుంటుంది. జేబులో తాళాల గుత్తి ఉన్నా అది కిక్కురుమనకపోతే, ‘హమ్మయ్య’ అనుకుని లోపలికి పోతాం. అసలు అందులో బ్యాటరీ బతికుందా అని అడిగేవాళ్లేరీ?

ఆ కర్రల్లో చాలావాటికి వేసేది చిన్న డబ్బాలా ఉండే 9 వోల్టుల బ్యాటరీ. మల్టీమీటర్ పెట్టి చూస్తే సరిపోదా అంటారు. సరిపోదండీ! కొత్త ఆల్కలైన్ 9.5 దాకా చూపిస్తుంది, బాగానే ఉంది. కానీ బాగా వాడేసినదాన్ని కాసేపు పక్కన పెట్టి కొలవండి, తేరుకుని 8 పైనే చూపిస్తుంది. పని చెప్పగానే మళ్లీ దిగిపోతుంది. పనికి ముందు పెద్ద కబుర్లు చెప్పే మనిషి లాంటిదన్నమాట. అందుకే వీలుంటే డిటెక్టర్ ఆన్‌లో ఉండగా కొలవాలి. అంత ఓపిక లేదంటారా, డ్యూటీ ఎక్కగానే బెల్టు బకిల్ మీదో తాళం మీదో ఒకసారి తిప్పి చూడమనండి. నన్నడిగితే మీటరు కన్నా ఇదే నమ్మకం.

డబ్బు ఆదా అని రీచార్జబుల్ వేస్తారు కొందరు. తప్పు లేదు. కాకపోతే మీద 9 అని ఉన్నా, నికెల్ మెటల్ హైడ్రైడ్ రకంలో లోపల 1.2 వోల్టుల సెల్లులు ఏడుంటే 8.4, ఆరే ఉంటే 7.2. దాంతో కొన్ని డిటెక్టర్లలో లో-బ్యాటరీ లైటు తొందరగా వెలుగుతుంది. పైగా మూలన పడేస్తే మామూలు రకాలు వాటంతటవే ఖాళీ అయిపోతాయి.

స్పేర్ బ్యాటరీని మాత్రం తాళాలతో కలిపి జేబులో వేసుకోవద్దు. రెండు కొసలూ పైనే పక్కపక్కన ఉంటాయి కదా, తాళం అడ్డం పడిందంటే షార్టయి కాలుతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. కొసల మీద టేపు ముక్క అంటించండి.

నేల మీద తిప్పే పెద్ద డిటెక్టర్లలో కొన్నిటికి గోడగడియారంలో వేసే సెల్లులే నాలుగు పడతాయి. పాతవీ కొత్తవీ కలపకుండా నాలుగూ ఒకేసారి మార్చాలి. స్పీకరు బదులు హెడ్‌ఫోన్ పెడితే సెల్లులు ఇంకాస్త లాగుతాయి. (గుప్తనిధి కోసమైతే ఓ మాట: 1878 చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పి తీరాలి!)

జాతర లాంటి చోట వాడడం అయ్యాక డిటెక్టర్‌ని పెట్టెలో పెట్టేముందు బ్యాటరీ తీసేయండి. ఆల్కలైన్ కారి తెల్లపొడి పట్టిందా, గ్లౌజులు వేసుకుని, నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిచి, బాగా ఆరాకే కొత్తది వేయండి.