భూగర్భంలో నిల్వచేసిన వాయువుపై సీస్మిక్ నిఘా - నార్వే అనుభవం

భూగర్భంలోకి పంపిన కార్బన్ డయాక్సైడ్ అక్కడే నిలిచి ఉన్నదా అన్న ప్రశ్నకు నార్వే సముద్ర క్షేత్రాలు ఆచరణలో సమాధానం చూపాయి. ఉత్తర సముద్రంలోని స్లీప్నర్ క్షేత్రంలో సహజవాయువు నుంచి వేరుచేసిన కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల దిగువన ఉన్న ఉట్సిరా ఇసుకరాతి పొరలోకి పంపడం 1996లో ప్రారంభమైంది. 1991లో విధించిన కార్బన్ పన్ను ఇందుకు ప్రధాన ప్రేరణ.

వాయువు పంపడానికి ముందే, 1994లో జరిపిన సీస్మిక్ సర్వేను ప్రాతిపదికగా తీసుకుని, 1999 నుంచి అదే ప్రాంతాన్ని పలుమార్లు సర్వే చేయడం జరిగింది. ఉప్పునీటితో నిండిన రాతి రంధ్రాలలోకి వాయువు చేరినపుడు తరంగాల వేగం తగ్గి, పరావర్తనం బలపడుతుంది. పాత, కొత్త చిత్రాల మధ్య తేడాయే వాయువు జాడ. ముందస్తు సర్వే లేనిదే ఈ పోలిక అసాధ్యం గనుక, అనుమతి పత్రంలోనే ఆ షరతు విధించడం అవసరం. స్లీప్నర్‌లో వాయువు పలుచని మట్టిరాతి పొరల కింద తొమ్మిది అంతస్తులుగా పరచుకున్నట్లు తేలింది. పైకప్పు రాతిని దాటిన ఆనవాళ్లు కనిపించలేదు. అయితే చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా, టన్నుల లెక్క మాత్రం అంత కచ్చితంగా తేలదు.

బారెంట్స్ సముద్రంలోని స్నోవిట్ ఉదంతం అధికారులకు మరింత ఉపయుక్తం. అక్కడ 2008లో టుబోయెన్ పొరలోకి వాయువు పంపడం మొదలుకాగా, ఒత్తిడి అంచనాకు మించి పెరిగింది. బావిలోని కొలతలు ఒత్తిడి పెరుగుదలను మాత్రమే తెలుపగా, అది ఏ దిశలో ఎంతమేర వ్యాపించినదీ 2009 నాటి సర్వే చూపింది. 2011లో వాయువును పైనున్న స్తో పొరకు మళ్లించారు.