బాలగోపాల్ గారు గణితాన్ని విడిచిపెట్టారా?

కందాళ బాలగోపాల్ గారిని గురించి ఎక్కడ చదివినా ఒక మాట తప్పక ఎదురవుతుంది: గణితశాస్త్రంలో ఉజ్జ్వలమైన భవిష్యత్తును తృణప్రాయంగా త్యజించి పౌరహక్కుల ఉద్యమానికి అంకితమైనారని. ఈ మాట వెనుక ఉన్న గౌరవాన్ని నేను శంకించను. అయినా నాకు దానితో పేచీ ఉన్నది. త్యాగమనే మాట మనకు చాలా అనుకూలమైనది. త్యాగమూర్తికి దండ వేసి, నమస్కరించి, మన పనులలోకి మనం వెళ్ళిపోవచ్చు. త్యాగం అందరికీ సాధ్యం కాదు గదా!

ఆయన 1952లో బళ్ళారిలో జన్మించారు. సంగీత సాహిత్యాలలో ఉద్దండులైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారికి దౌహిత్రుడు. వరంగల్లు రీజినల్ ఇంజనీరింగ్ కళాశాలలో గణితం చదివి, అక్కడే డాక్టరేటు పొంది, ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కొంతకాలం పరిశోధన చేశారు. 1981 నుండి 1985 వరకు హనుమకొండలోని కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించారు. 1983లోనే ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి ప్రధాన కార్యదర్శి అయ్యారు.

ఆ రోజులలో ఆ ఊరిలో హక్కుల మాట ఎత్తడమంటే ఏమిటో 1985 సెప్టెంబరు 3 చెబుతుంది. అంతకు ముందురోజు కాజీపేటలో ఒక ఎస్సై హత్యకు గురయ్యాడు. ఆయన అంతిమయాత్రలో నడుస్తున్న పోలీసులు, పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడూ పిల్లల వైద్యుడూ అయిన డాక్టర్ రామనాథం గారిని పట్టపగలు ఆయన వైద్యశాలలోనే కాల్చి చంపారు. ఆ ఎస్సై హత్యకేసులో బాలగోపాల్ గారిని కూడా ఇరికించి జైలులో పెట్టారు. ఆయన విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడం ఆ సంవత్సరంతోనే ముగిసింది.

ఉద్యోగం పోయినంత మాత్రాన గణితం పోయిందా? పోలేదని నా అభిప్రాయం. గణితం నేర్పే మొదటి పాఠం, రుజువు కానిదానిని సత్యమని అంగీకరించవద్దని. ఎదురుకాల్పుల కథ మన పత్రికలలో దశాబ్దాల తరబడి దాదాపు ఒకే మూసలో వచ్చింది: గాలింపు, లొంగిపొమ్మని హెచ్చరిక, అటునుండి కాల్పులు, ఆత్మరక్షణకై ఇటునుండి కాల్పులు. ఈ ప్రతిపాదనకు రుజువేదని ఆయన అడిగారు. అడిగి ఊరుకోక ఊళ్ళకు వెళ్ళి, చూసినవారితో మాట్లాడి, నివేదికలు రాశారు. తరువాత న్యాయవాది అయి, అదే ప్రశ్నను హైకోర్టు ముందుంచారు. ఆత్మరక్షణ కోసం చంపామనే వ్యక్తి ఆ సంగతిని న్యాయస్థానంలో నిరూపించుకోవాలని 1872 నాటి సాక్ష్యచట్టమే చెప్పింది. పోలీసులకు ఆ నియమం ఎందుకు వర్తించదు? 2009 ఫిబ్రవరిలో హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ వాదనతో ఏకీభవించి, అటువంటి ప్రతి మరణంపైనా కేసు నమోదు చేయాలని తీర్పు చెప్పింది. దాని అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది. అయినా ప్రశ్న అలాగే నిలిచి ఉన్నది.

రెండవ పాఠం ఇంకా కఠినమైనది. ఒక సూత్రం అబద్ధమని తేల్చడానికి వేయి ఉదాహరణలు అక్కరలేదు, ఒక్కటి చాలు. 'ప్రతి మనిషికీ జీవించే హక్కు ఉన్నది' అన్నామంటే ఆ 'ప్రతి' అనే పదానికి కట్టుబడి ఉండాలి. రాజ్యం చేసే హత్యలను ఖండించి, నక్సలైట్లు చేసే హత్యల దగ్గర మౌనం వహిస్తే ఆ పదం అక్కడే చచ్చిపోతుంది. ఈ చర్చతోనే ఆయన పౌరహక్కుల సంఘం నుండి బయటకు వచ్చారు. 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. రాజ్యాన్నీ, దానిపై తిరగబడినవారినీ ఒకే త్రాసులో వేశారని ఆయనపై విమర్శ వచ్చింది. రెండింటి బలం సమానం కాదన్నది నిజమే. కాని చచ్చిపోయిన మనిషికి ఆ భేదం వలన ఒరిగేదేమిటి? ఈ విషయంలో నేను బాలగోపాల్ గారి పక్షమే.

మన సంగతి చూద్దాం. 2008 డిసెంబరులో అదే వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై ఆమ్లదాడి జరిగింది. వారిలో ఒకరు మరణించారు కూడా. ఆ ఘోరాన్ని తలచుకుంటే ఇప్పటికీ రక్తం మరుగుతుంది. దాడి జరిగిన కొద్దిరోజులకే నిందితులైన ముగ్గురు యువకులను పోలీసులు కాల్చి చంపితే జనం పూలదండలతో అభినందించారు. 2019లో షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితులు హతులైనప్పుడూ పూలు కురిశాయి. ఆ నలుగురినీ చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన విచారణ సంఘం 2022లో తేల్చింది. అప్పటికి ఆ పూలు ఎన్నడో వాడిపోయాయి. మనకు నచ్చనివాడు చచ్చినప్పుడు కూడా రుజువు అడగగలమా అన్నదే ఇక్కడ పరీక్ష. ఆ పరీక్షలో మనలో చాలామందిమి తప్పాము.

బాలగోపాల్ గారు 2009 అక్టోబరు 8న హైదరాబాదులో కన్నుమూశారు. ఆయనలాగా ఊరూరా తిరగడం, దెబ్బలకు, అపహరణకు సిద్ధపడడం నా వంటివారి వల్ల కాదు. కాని దినపత్రికలో 'ఎదురుకాల్పులలో మృతి' అన్న వార్త కనిపించినప్పుడు 'రుజువేది?' అని మనసులోనైనా అడగడానికి ఏ త్యాగమూ అక్కరలేదు. పదవ తరగతి గణితం చదివిన ప్రతివారికీ ఆ ప్రశ్న వేయడం వచ్చు.