నొటేషన్ రాకపోయినా ఫర్వాలేదు, చెవికి పని చెప్పండి

పిల్లల కోసం కొన్న కీబోర్డు వాళ్లు పదో తరగతికి రాగానే అటకెక్కుతుంది. కర్నూలు, కడపల్లో చాలా ఇళ్లలో ఇదే వరస. దాన్ని దించి మీరే నేర్చుకోండి అంటే, ‘ఈ వయసులో మాకేం వస్తుంది డాక్టరుగారూ, నొటేషన్ చదవడమే రాదు’ అంటారు పెద్దవాళ్లు. అది రానవసరం లేదన్నదే నా మాట.

రాత దండగ అనడం లేదు. ఉమ్మడి కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. సాహిత్యం, రాగం పేరు మిగిలాయి. స్వరాలు చెక్కకపోవడంతో అసలు వరసలు పోయాయి. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటిని కొత్తగా స్వరపరచాల్సి వచ్చింది. కాబట్టి దాచుకోవడానికి రాత కావాలి. నేర్చుకోవడానికి మాత్రం చెవి చాలు. మన పద్యనాటకాల్లో హార్మోనిస్టు కాగితం చూస్తూ కూర్చుంటే నటుడి రాగాన్ని అందుకోగలడా?

మలహరి గీతంతో మొదలుపెట్టండి. కీబోర్డు మీద గమకాలు సరిగా పలకవు గానీ, గీతాలకు ఆ ఇబ్బంది తక్కువ. ‘సి’ మెట్టును షడ్జమం అనుకుంటే రి, ద నల్ల మెట్లు. గ, మ, ప తెల్లవి. నిషాదం ఈ రాగంలో లేదు. అంటే మీ వేళ్లకు ఆరే స్వరాలు.

ఒక్క ఆవర్తనం వినండి. ముందు నోటితో పాడండి. తర్వాత మెట్ల మీద వెతకండి. తప్పు మెట్టు నొక్కి, సరైనది మీరే పట్టుకోవడంలోనే నేర్పు ఉంది. వెలుగుతున్న మెట్టును వీడియోలో చూసి నొక్కితే, వీడియో ఆపగానే పాటా ఆగిపోతుంది.

రోజుకు పావుగంట చాలు. వేళ్లు నేర్చిన కదలికలను మెదడు నిద్రలో స్థిరపరుస్తుంది. అందుకే ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా రోజూ కాసేపు సాధన చేయడం మేలు. మర్నాడు మళ్లీ వినకముందే గుర్తుతెచ్చుకుని వాయించండి. అలా తవ్వి తీసిందే ఎక్కువకాలం నిలుస్తుంది.

సంగీతంతో మతిమరుపు రాదనో, షుగర్ తగ్గుతుందనో నేను చెప్పను. మందులు మానవద్దు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్రలేపుతుంటే డాక్టరుకు చూపించండి. షుగర్ ఉన్నవారిలో మణికట్టు నరం నొక్కుకుపోవడం ఎక్కువ. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే శబ్దం తగ్గించండి. పెద్ద శబ్దానికి దెబ్బతిన్న వినికిడి తిరిగి రాదు.

యాభై దాటాక ఇంట్లో పెద్దవాళ్లకు మిగిలే కొత్త పని చాలాసార్లు మాత్రల వేళలు గుర్తుపెట్టుకోవడమే. దాని పక్కన ఒక గీతాన్ని కూడా గుర్తుపెట్టుకోనివ్వండి. అటక మీది కీబోర్డు వాళ్లకివ్వండి.

– వ్యాసకర్త ఎంబీబీఎస్, ఎండీ, ప్రభుత్వాసుపత్రి వైద్యులు