మంచుపొరల సాక్ష్యము

2025 ఫిబ్రవరి 28వ తేది వేకువను, బదరీనాథమునకు చేరువనున్న మానా గ్రామమువద్ద మంచుచరియ విరిగి సరిహద్దు రహదారుల సంస్థవారి పని శిబిరముపై బడినది. అందున్న 54 మంది శ్రామికులలో 46 మంది ప్రాణములతో బయటపడిరి. 8 మంది మరణించిరి. పర్వతములయం దిట్టివి దైవికములని సరిపెట్టుకొనువారు కలరు. ఆ మాటను మేమంగీకరింపజాలము.

మన మైదానవాసులకు మంచనిన మాఘమాసపు వేకువను పైర్లపై నిలుచు చెమ్మయే. హిమాలయములపై బడు మంచు వేఱు. పడిన ప్రతిపర్యాయమును అదియొక పొరయై నిలుచును. నేలకు దాపుననున్న మంచు సున్న డిగ్రీలకు చేరువగా నుండ, పైభాగము అంతకంటె మిగుల చల్లబడును. ఈ భేదము 10 సెంటీమీటర్ల మందమునకు 1 డిగ్రీని మించెనా, క్రిందిపొరలోని రేణువులు పట్టువిడిచి పంచదార పలుకులవలె విడివడును. గాలి కొట్టుకొనివచ్చి గుట్టకు మఱుగువైపున పేర్చిన క్రొత్తమంచు దానిపై గట్టిపడును. పంచదార పఱచి దానిమీద కడపరాతి పలకను ఏటవాలుగా నిలిపినట్లనుకొనుడు! 30 మొదలు 45 డిగ్రీల వాలుగల చోట నొక్క మనుష్యుని యడుగుతో పలక యంతయు తెగి జాఱవచ్చును. విహారమునకై పోయి మంచుపాలైనవారిలో పెక్కుమంది విషయమున చరియను కదల్చినది వారి యడుగో, తోడివారి యడుగో.

ఇది ముందుగా తెలియరాని రహస్యము గాదు. ఎఱిగినవారు మంచులో గుంట త్రవ్వి పొరలను చేతితో తాకి చూతురు. 30 సెంటీమీటర్ల చదరపు స్తంభమును కోసి, దానిపై పార నుంచి, మణికట్టునుండి పది, మోచేతినుండి పది, భుజమునుండి పది దెబ్బలు వరుసగా వేయుదురు. కొలది దెబ్బలకే స్తంభము చక్కగా తెగి జాఱెనేని ఆ వాలును నమ్మరాదు. జాఱకున్న మాత్రమున నమ్మవచ్చుననియు గాదు. ప్రక్కవాలు మఱొకరీతి నుండవచ్చును. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పుటకు మన శాసన మొప్పును గాని కొండ యొప్పదు. కావుననే చుట్టుపట్ల క్రొత్తగా విరిగిన చరియలను, కాలిక్రింద డొల్లగా వినవచ్చు శబ్దమును, ముందునాటి గాలిని, హఠాత్తుగా హెచ్చిన యెండను గూడ లెక్కింపవలయును. పూడిపోయినవానిని పావుగంటలో వెలికి దీయనియెడల బ్రదుకుపై ఆశ వేగముగా తగ్గును. పార, శోధనశలాక, సంకేతయంత్రము తోడివారి చేతనే యుండవలెను గాని దూరపు పట్టణమున నుండి ప్రయోజనము లేదు.

ఇంత యెఱిగినవారును మోసపోవుదురు. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డండా శిఖరమున ఉత్తరకాశి పర్వతారోహణ విద్యాలయమువారి జట్టులో 29 మంది నష్టమైరి. అయినను పర్వతారోహకుడు తానై యపాయమును వరించినవాడు. కూలివాడు అట్టివాడు గాడు. పండుకొమ్మన్న చోట పండుకొనును. ఈ భేదము న్యాయశాస్త్రమున మిక్కిలి పాతది.

మన యాత్రికులు వేసవిని బదరీనారాయణుని సేవించి మానావఱకు పోయి వచ్చుచుందురు. శీతకాలమున ఆలయము మూయబడును. గ్రామస్థులు పశువులతో, పిల్లలతో దిగువ యూళ్లకు దిగిపోవుదురు. తరతరముల యనుభవ మది. గ్రామస్థులు విడిచిన ఆ తావుననే రహదారి పనికై పరరాష్ట్రములనుండి వచ్చిన శ్రామికులు నిలిచియుండిరి. పైగా చండీగఢ్‌లోని రక్షణ భూసమాచార పరిశోధన సంస్థవారు ముందునాడే చమోలీ మొదలగు జిల్లాలలో 2,400 మీటర్ల కెగువ ప్రాంతములకు చరియల హెచ్చరిక ప్రకటించియుండిరి.

సరిహద్దులకు మార్గములు వలయుననుటలో మాకు భిన్నాభిప్రాయము లేదు. మేమడుగునవి మూడే. ఆ శిబిరస్థలమును, దాని పైవాలును, మంచుకాలమునకు ముందు పరీక్షించినవా రెవ్వరు, వారి నివేదిక యెచ్చట? ముందునాటి హెచ్చరికను ఆ శ్రామికులకు తెలిసిన భాషలో చదివి వినిపించిరా? వినిపించియున్నను, ఆ రాత్రియే శిబిరమును దిగువకు తరలించు నధికారము అచ్చటి మేస్త్రీకుండెనా, లేక పైనుండి ఉత్తరువు రావలసి యుండెనా?