వెలిగే లైటు కంటే ఆర్పేసిన లైటే ప్రమాదం

పాత స్పోర్ట్స్ కారు కొనబోయేవాడికి మనవాళ్ళు ఇచ్చే సలహాలు రెండే రెండు. "చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందా? ఆ కారు వంక చూడకు" అనేది ఒకటి. "ఏముంది, ఏదో సెన్సర్ అయ్యుంటుంది, తీసేసుకో" అనేది రెండోది. నా దృష్టిలో రెండూ తప్పే. ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చిందనగానే దాన్ని పారెయ్యం, అలాగని లాగ్ చదవకుండా రిలీజూ చెయ్యం కదా! కారు విషయానికొచ్చేసరికి ఆ బుద్ధి ఎక్కడికి పోతుందో?

నేనుండే ఖఫ్జీ కువైట్ సరిహద్దు పక్కన, సముద్రం ఒడ్డున, ఆయిలు మీద బతికే చిన్న ఊరు. ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోయేవాళ్ళు కార్లు తొందరగా అమ్ముకుంటారు, కాబట్టి ధర ఊరిస్తుంది. కానీ కొన్నాక తేడా వస్తే అమ్మినవాడు వేరే దేశంలో ఉంటాడు. మంచి మెకానిక్ కోసం దమ్మాం వెళ్దామంటే సుమారు 300 కిలోమీటర్లు. ఇస్తిమారా కోసం చేయించే ఫహస్ ఉంది కదా అంటారా? అది బ్రేకులు, లైట్లు, పొగ చూసే పరీక్ష. ఇంజను లోపలి ఆరోగ్యానికి హామీ కాదు.

ఇక అసలు సంగతి. అమెరికాలో 1996 నుంచీ, యూరప్‌లో పెట్రోలు కార్లకి 2001 నుంచీ ఓబీడీ తప్పనిసరి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. చవకైన బ్లూటూత్ స్కానర్ కొని అందులో గుచ్చితే కారు తన కథ తనే చెబుతుంది. లైటు నిలకడగా వెలుగుతుంటే ఏదో లోపం నమోదైందని అర్థం. మిణుకుమిణుకుమంటుంటే మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని, కాలని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తోందని అర్థం. అలాంటి కారుని టెస్ట్ డ్రైవ్ కూడా చెయ్యకండి.

కోడ్ చెప్పేది లక్షణం, రోగం కాదు. పి0420 అంటే కెటలిస్ట్ సరిగా పనిచేస్తున్నట్టు లేదని. కారణం కెటలిస్టే కావచ్చు, ఎగ్జాస్ట్ లీకు కావచ్చు, ఆక్సిజన్ సెన్సర్ కావచ్చు. మొదటిదాని ఖర్చుకీ చివరిదాని ఖర్చుకీ పొంతనే ఉండదు. అందుకే బేరం కోడ్ మీద కాదు, నిర్ధారణ మీద ఆడాలి.

ఆ మధ్య మా క్యాంపులో ఒక తమ్ముడు "అన్నా, నిన్న లైటు వెలిగింది, ఇవాళ లేదు. సెన్సర్ మార్పించానంటున్నాడు, కొనెయ్యనా?" అని అడిగాడు. స్కానర్ పెట్టి చూశాం. కోడ్లు ఏమీ లేవు. కానీ రెడీనెస్ మానిటర్లలో నాలుగు 'ఇన్‌కంప్లీట్' అన్నాయి. కోడ్లు తుడిచాక నడిచిన దూరం 6 కిలోమీటర్లు! అంటే ఎవరో లాగ్ డిలీట్ చేశారన్నమాట. చాలా లోపాలకి వరసగా రెండు డ్రైవ్ సైకిల్స్‌లో కనబడితే గానీ లైటు వెలగదు. మరి 6 కిలోమీటర్లకి ఏం తెలుస్తుంది?

ఇక్కడ అమ్మేవాడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఈ ఎండలకి బ్యాటరీలు త్వరగా పోతాయి. కొత్త బ్యాటరీ వేసినా మానిటర్లు మొదటికి రావచ్చు. కాబట్టి 'ఇన్‌కంప్లీట్' అన్నంతమాత్రాన మోసం అనెయ్యకూడదు. రెండు మూడు రోజులు మామూలుగా నడిపి మళ్ళీ చూపించమని అడగాలి. నిజాయితీపరుడికి దాంట్లో నష్టమేమీ లేదు. మావాడు అదే అడిగాడు, అవతలాయన ఒప్పుకోలేదు. మావాడి డబ్బు జేబులోనే ఉండిపోయింది.

ఇంకో చిన్న పరీక్ష. ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం 'ఆన్'లో పెట్టినప్పుడు ఆ లైటు వెలిగి తీరాలి. వెలగలేదంటే బల్బు పోయిందో, పీకేశారో!

లైటు లేకపోతే రోగమూ లేదనుకోకండి. 2001-2005 మోడళ్ళ పోర్షా బాక్స్‌టర్, 911లలో కొన్నిటి ఇంజనులో ఐఎమ్‌ఎస్ బేరింగ్ విరగడం పేరుపడ్డ సమస్య. అమెరికాలో క్లాస్ యాక్షన్ దాకా వెళ్ళింది. ఆ బేరింగ్ అరుగుదలని కొలిచే సెన్సర్ లేదు. ఆయిల్ ఫిల్టర్ కోసి లోహపు రజను ఉందేమో వెతకాల్సిందే.

కాబట్టి నా లెక్క ఇది. లైటు వెలుగుతూ, స్కాన్ చేసుకోనిచ్చే యజమాని ఉంటే కూర్చుని బేరమాడండి. లైటు ఆరిపోయి, మానిటర్లు ఖాళీగా ఉండి, యజమాని తొందరపెడుతుంటే లేచి వచ్చెయ్యండి, ధర ఎంత తక్కువైనా సరే.