రైల్లో అన్నీ చెప్పి, గ్రామసభలో మౌనమా?

సూళ్లూరుపేట: చెన్నై వైపు వెళ్లే పొద్దుటి లోకల్ రైలు ఇక్కడి స్టేషన్ వదిలి తడ చేరేలోగా పక్కపక్కన కూర్చున్నవారికి మాటలు కలుస్తాయి. ‘‘యే ఊరు నాయనా మీది? యాడ పని జేస్తుండావు? నెలకెంత ఇస్తారు?’’ అని ప్రశ్నలు వరసగా వస్తాయి. అడిగేవారికి మొహమాటం లేదు, చెప్పేవారికి దాపరికం లేదు. గుమ్మిడిపూండి వచ్చేసరికి జీతం, అప్పు, కూతురి పెళ్లి సంబంధం, అల్లుడి తాగుడు, మోకాళ్ల నొప్పికి వాడే మందు అన్నీ బయటికొస్తాయి. చెప్పినవారెవరో, విన్నవారెవరో. దిగాక ఎవరి దారి వారిది.

ఇందులో తప్పు పట్టవలసింది లేదు. ఇలాంటి మాటల మీదే సంబంధాలు కుదిరాయి, పనులు దొరికాయి, మంచి డాక్టరు ఎక్కడున్నాడో తెలిసింది. కాని రైల్లో ఇన్ని చెప్పిన మనిషే ఊళ్లో గ్రామసభ నాడు వెనక వరసలో చేతులు కట్టుకొని నిలబడతాడు. తన వీధికి కుళాయి నీళ్లు రావడం లేదని ఆయనకు తెలుసు. అయినా అధికారి అడిగితే ‘‘అందరి మాటే నా మాట’’ అంటాడు. ఇంటి సంగతులు దారిన పోయేవారికి చెప్పడం, సొంత అభిప్రాయం చెప్పవలసిన చోట నోరు కట్టుకోవడం అలవాటైపోయింది. ఈ అలవాటు వల్ల రెండు వైపులా నష్టపోతున్నది సామాన్యుడే.

పేరు చెప్పని హక్కు

తన గురించి ఎంత చెప్పాలి, ఎంత దాచుకోవాలి అన్నది పెద్దలకు తెలియని సంగతి కాదు. ఈ పల్లెల్లో ముసలమ్మలు నేటికీ భర్త పేరు నోటితో పలకరు. ఆఫీసులో గుమాస్తా గట్టిగా అడిగితే పక్కనున్న మనవడి వైపు చూస్తారు. చదువుకున్నవారికి అది నవ్వులాట కావచ్చు. కాని 1948 నాటి జనగణన చట్టం దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. లెక్కల వారు అడిగిన ప్రశ్నకు తెలిసినంతవరకు జవాబు చెప్పి తీరాలని ఆ చట్టంలోని 8వ సెక్షను అంటుంది. అదే సెక్షను, ఆచారం ఒప్పుకోకపోతే భార్య తన భర్త పేరు చెప్పనక్కరలేదని కూడా అంటుంది. ఇంట్లోని ఆడవారి పేర్లు చెప్పి తీరాలన్న నిర్బంధం కూడా లేదు. ఇలా చెప్పిన వివరాలు ఇతరులు చూడటానికి వీల్లేదనీ, ఆ చట్టం కింద పెట్టిన కేసుల్లో తప్ప కోర్టులో సాక్ష్యంగా వాడరాదనీ 15వ సెక్షను కట్టడి చేసింది. అంటే దేశానికి వివరం కావాలి, మనిషికి మర్యాద కావాలి. రెండూ ఒకే చట్టంలో ఇమిడాయి.

2021లో జరగవలసిన జనాభా లెక్కలు కోవిడ్ వల్ల వాయిదా పడ్డాయి. 2027 మార్చి 1ని లెక్కకు ప్రామాణికంగా తీసుకుంటూ కేంద్రం 2025 జూన్‌లో ప్రకటన ఇచ్చింది. కులం వివరాలు కూడా సేకరించాలని అంతకుముందే, 2025 ఏప్రిల్ 30న, నిర్ణయించింది. ఇలాంటి లెక్కల్లో ఈ సరిహద్దు ప్రాంతానికి ముఖ్యమైన ప్రశ్న మాతృభాష. 2011 లెక్కల్లో ప్రతి మనిషికీ మాతృభాష వేరుగా రాయాలని, అదిగాక తెలిసిన భాషలు రెండు వరకు రాయాలని ఉంది. తడ, సూళ్లూరుపేట పల్లెల్లో భర్త తెలుగువాడు, భార్య తమిళ ఇంటి ఆడపిల్ల అయిన కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇంట్లో యజమాని అరుగు మీద కూర్చొని ఇంటిల్లిపాదికీ ఒకే మాట చెప్పేస్తే, లోపల పొయ్యి దగ్గర ఉన్న ఇల్లాలు చిన్ననాడు తల్లి ఒడిలో విన్న భాష కాగితం ఎక్కదు. ఆమెను ఒక్క మాట అడిగితే పోయేదేమీ లేదు. అడగరు, ఆమె చెప్పదు.

ఎవరో రాసిన బతుకు

తమ గురించి తాము చెప్పుకోలేనివారి సంగతి ఇతరులు రాస్తారు. ఇందుకు యానాదులే సాక్ష్యం. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ వెలువరించిన దక్షిణాది కులాలు, తెగల సంపుటాల్లో యానాదుల తిండి, గుడిసెలు, ఆచారాల గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. వారికేది ఇష్టం, వారి అభిప్రాయమేమిటి అన్నదానికి మాత్రం అందులో చోటు తక్కువ. శ్రీహరికోట దీవిని రాకెట్ కేంద్రానికి 1969లో ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ లేచింది. ఆ దీవి అడవిని నమ్ముకొని బతికిన యానాది కుటుంబాలు ఉన్నచోటు విడిచి కదలవలసి వచ్చింది. రాకెట్ లేచిన రోజు దేశమంతటికీ తెలుసు. కదిలిపోయినవారు ఆ రోజు ఏమనుకున్నారో వారి నోట విన్నవారు ఎందరు?

నోరు తెరిస్తే ఏమవుతుందో కూడా ఈ నేల చూసింది. సూళ్లూరుపేట 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది. అంతకుముందు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ నెల్లూరు జిల్లాలో 1990ల తొలినాళ్లలో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రి బడికి వచ్చిన ఆడవారు వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుడు వల్ల చెడిన సంసారం కథ అది. చదివినవారు ‘‘ఇది మా ఇంటి కథే’’ అన్నారు. ఇంటి గుట్టు లంకకు చేటు అని అంతవరకు నోరు నొక్కుకున్నవారు, ఒకరి తర్వాత ఒకరు తమ కష్టం చెప్పుకున్నారు. ఎవరికి వారు తమ ఒక్కరి ఖర్మ అనుకున్నది ఊరందరి బాధ అని అప్పుడు తెలిసింది. దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి మహిళలు సారా అంగడిని అడ్డుకున్నారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయిన మాట నిజమే. అయినా ఆడవారు సొంత సంగతి నలుగురిలో చెప్పుకుంటే ప్రభుత్వం దిగివచ్చిందన్న మాట చెరిగిపోదు.

అడిగేవాడెవరు?

రెండో వైపు కూడా చూడాలి. నేడు సొంత సంగతులు అడిగేవారు రైలు పెట్టెలో పక్కవారు మాత్రమే కాదు. చేతిలోని ఫోనే అడుగుతుంది. అయిదు నిమిషాల్లో అప్పు అని ఆశ పెట్టిన యాప్‌లు ఫోనులోని నంబర్లు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగాయి. అవసరంలో ఉన్నవారు చదవకుండా సరే నొక్కారు. వాయిదా తప్పగానే బంధువులకు, స్నేహితులకు ఫోన్లు వెళ్లాయి. ఆ అవమానం భరించలేక 2020 చివర్లో తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు తీసుకున్నవారున్నారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు తెచ్చి, అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్లు, ఫైళ్ల జోలికి పోరాదని ఆదేశించింది. దొంగ యాప్‌లకు నిబంధనలు పట్టవు కాబట్టి జాగ్రత్త జనానిదే. మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

సొంత సంగతులు దాచుకోవడం మనిషి ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఓటు ఎవరికి వేశావని కోర్టు కూడా అడగడానికి వీల్లేదని ప్రజాప్రాతినిధ్య చట్టం ఎప్పుడో చెప్పింది. హక్కులకు కొదవ లేదు. వాటిని వాడుకోవడమే తెలియాలి.

ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. ఎవరైనా వివరం అడిగితే ‘‘ఎందుకు? ఎవరు చూస్తారు? చెప్పకపోతే ఏమవుతుంది?’’ అని మూడు ప్రశ్నలు తిరిగి అడిగితే చాలు. ఫారం నింపే ఉద్యోగులు రాసింది చదివి వినిపించాలి. వేలిముద్ర వేసేవారికి ఇది మరీ ముఖ్యం. గ్రామసభలో ఆడవారిని, యానాది కాలనీల వారిని ముందు వరసలో కూర్చోబెట్టి మొదట వారినే మాట్లాడనివ్వాలి. ఇంట్లో పెళ్లిచూపుల నాడు పిల్లకు వంట వచ్చా, పాట వచ్చా అని వాకబు చేసే పెద్దలు, పిల్లాడు నీకు నచ్చాడా అని ఆమెను చాటుగా ఒకసారి అడగాలి. ఆ ఒక్క మాట అడగని ఇంట్లో పెరిగిన పిల్ల రేపు గ్రామసభలో నోరు తెరుస్తుందని ఆశించలేము.

కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి తలుపులు మూయరు. ఏ వేళ వెళ్లినా కష్టం చెప్పుకోవచ్చని జనం నమ్మకం. అమ్మవారికి తలుపు లేకపోయినా చెల్లుతుంది. మనిషి బతుకుకు తలుపు కావాలి, దాని గడియ లోపలివైపే ఉండాలి. ఎప్పుడు తీయాలో, ఎవరికి తీయాలో లోపలున్నవారే తేల్చుకోవాలి.