రక్తశోధనమును కొబ్బరినీళ్లును

కోనసీమలో నెవ్వరికైన జబ్బుచేసినదని తెలిసినచో మొదట చెట్టునుండి దింపించునది కొబ్బరిబొండము. అమలాపురమున గాని, రాజోలున గాని ఆసుపత్రికి రోగిని చూడబోవువారు వట్టిచేతులతో పోరు. ఈ మర్యాద మంచిదే. కాని మూత్రపిండములు పనిచేయని రోగికి ఆ నీరే ప్రాణాపాయము కావచ్చును. పెద్ద గ్లాసెడు కొబ్బరినీటిలో ఒక అరటిపండునకు తీసిపోనంత పొటాషియము గలదు. ఆరోగ్యముగానున్న మూత్రపిండములు దానిని బయటికి పంపివేయును, చెడినవి పంపలేవు. రక్తములో నది మితిమీరినచో గుండె లయ తప్పును, ఒక్కొక్కప్పుడు ఆగియే పోవును.

"డయాలిసిస్ చేయుచున్నారు గదా, అదంతయు కడిగివేయదా?" యని యడుగుదురు. ఆ మాటయే విచారింపవలసినది.

ఆ యంత్రములోని పొర వంటింటి వడపోతగుడ్డ వంటిదే గాని, దాని రంధ్రములు కంటికి కానరావు. పొరకు ఒకవైపున రక్తమును, రెండవవైపున శుద్ధద్రవమును ప్రవహించును. యూరియా, పొటాషియము వంటి చిన్నవి దాటిపోవును. రక్తకణములు, పెద్ద మాంసకృత్తులు నిలిచిపోవును. 1943లో హాలెండు దేశమున కోల్ఫ్ అను వైద్యుడు సెలోఫేను గొట్టముతో నిట్టి యంత్రమును కట్టెను. మొదటి రోగులలో దాదాపు అందరును మరణించిరి. 1945లో 67 ఏండ్ల వృద్ధురాలొకతె బ్రదికెను. (ఆ యీడువారిని వృద్ధురాలనినందుకు మన చదువరులలో కొందరు కోపగింతురేమో!)

పొరకు మంచిచెడ్డలు తెలియవు. మలినముతోపాటు కొన్ని విటమినులను, మందులను గూడ లాగివేయును. అందుచే వైద్యులు మందుల మోతాదును మార్చుచుందురు. రక్తపుపోటు పడిపోయి ప్రమాదస్థితిలోనున్న రోగి నాలుగు గంటలలో ముగించు శుద్ధికి తాళలేడు. కావున రాత్రింబవళ్లు మెల్లమెల్లగా చేయుదురు. నడుమ రక్తము గడ్డకట్టి పొర మూసికొనిపోయినచో, దానిని మార్చువరకు శుద్ధి నిలిచిపోవును. కడుగుట మరింత హెచ్చించినచో హెచ్చుమంది బ్రదుకుదురా యని అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితము 2008లోను, ఆస్ట్రేలియా న్యూజిలాండులలో జరిగినదాని ఫలితము 2009లోను వెలువడెను. రెంటను లేదనియే తేలినది.

మరియొకటి. శరీరములోని పొటాషియములో నూటికి 98 పాళ్లు కణములలోనే యుండును. యంత్రము కడుగునది రక్తమును మాత్రమే. శుద్ధి ముగిసిన కొన్ని గంటలకే కణములనుండి కొంత మరల రక్తములోనికి వచ్చును. దానిపై మనము బొండమునీరు గూడ పోసినచో నేమగును?

అట్లని పెరటిచెట్టుపై కోపము వలదు. ఎడతెగక కడుగునపుడు పొటాషియము మరీ తగ్గిపోగా, వైద్యులే దానిని ఎక్కించుటయు గలదు. కావున ఆనాటి రక్తపరీక్షను చూచిన వైద్యుని అడుగక చెంచాడు నీరైనను రోగి నోట పోయకుడు. తెచ్చిన బొండమును రోగికి కాపున్న యిల్లాలి కిండు. రాత్రియంతయు మేలుకొని యున్నది ఆమెయే.